పాప ముఖం మీది మచ్చలకు కారణం నా రక్తంలో దొరికింది

మా పాప పుట్టిన మూడో రోజుకు కళ్ళు, ముఖం పచ్చబడ్డాయి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కనిపించే పసికామెర్లే కనుక ఆసుపత్రిలో ఎవరూ కంగారుపడలేదు. ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ రక్తంలో ఎంత ఉందో కొలిచారు, కళ్ళకు గంతలు కట్టి రెండు రోజులు నీలి దీపాల కింద పడుకోబెట్టారు, అంకె దిగాక ఇంటికి పంపారు. ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో తల్లి ఆరోగ్యం అన్న చోట ఒకే ఒక్క మాట రాసి ఉంది: సాధారణం. అది సరికాదని ఆ రోజున చెప్పగలిగిన వారెవరూ లేరు. నేనూ చెప్పలేను, ఎందుకంటే నాకే తెలియదు. నా ఒంట్లో ఏళ్ళుగా నడుస్తున్న జబ్బు సంగతి నా కంటే ముందు మా పాప చర్మం బయటపెట్టింది.

పద్దెనిమిదో రోజున ఎడమ కణత దగ్గర చిన్న ఎర్ర మచ్చ కనిపించింది. గోరు గీసుకుని ఉంటుందని అనుకున్నాను. వారం తిరిగేసరికి అది రూపాయి బిళ్ళంత వలయమైంది. అంచు కాస్త ఉబ్బుగా, ఎర్రగా, మధ్యలో చర్మం పాలిపోయి, పైన సన్నని పొట్టు. ఆ తర్వాత మరో రెండు మచ్చలు నుదుటి మీద, ఒకటి తల వెనుక జుట్టులో లేచాయి. కళ్ళ చుట్టూ మాత్రం విడివిడి మచ్చలుగా కాకుండా, ఎవరో ఎర్ర రంగుతో కళ్ళజోడు గీసినట్లు, రెండు వైపులా సమానంగా ఎరుపు పాకింది. పాపకు జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది, దురద ఉన్నట్లు కూడా అనిపించలేదు. ఆ కళ్ళజోడు ఆకారమే ఈ జబ్బుకు పెద్ద గుర్తు అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అది నా కంటికి వింతగా తోచిందే తప్ప అర్థం కాలేదు.

మొదట చూసిన డాక్టరు గారు వలయాన్ని చూడగానే తామర అన్నారు. ఆయన తప్పు పట్టదగినంత తొందరపడ్డారని నేను అనుకోను, ఎందుకంటే గుండ్రటి అంచు, పొట్టు, మధ్యలో తేటగా ఉండడం తామరకూ లక్షణాలే, పైగా తామర ఎక్కువమందికి వచ్చేది, ఇది అరుదుగా వచ్చేది. ఫంగస్‌కు పనిచేసే పూతమందు పది రోజులు రాయమన్నారు. రాశాను. మచ్చలు తగ్గలేదు, రెండు పెరిగాయి. నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉండేది ఆ పది రోజుల్లో నేను చేసిన మరో పని. కామెర్లు ఇంకా కాస్త మిగిలి ఉన్నాయేమోనని, పసిబిడ్డకు పొద్దుటి ఎండ మంచిదని నలుగురూ చెప్పిన మాట విని, రోజూ ఉదయం పావుగంట పాపను ఎండ పడే కిటికీ దగ్గర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎండ తగిలే వైపు చెంప మీద మచ్చలు ఎక్కువగా ఎర్రబడుతున్నాయని గమనించింది మా అత్తయ్య గారు. ఆవిడ చెబితే, "ఎండకు ఎవరి ముఖమైనా ఎర్రబడుతుంది కదా అత్తయ్యా" అని తోసిపుచ్చాను. ఆ గమనిక డాక్టరుకు చెప్పాలని నాకు తోచలేదు.

పూతమందు పనిచేయకపోవడంతో పిల్లల చర్మవ్యాధులు చూసే డాక్టరమ్మ దగ్గరకు పంపారు. ఆవిడ మచ్చ అంచు నుంచి పొట్టును మెల్లగా గీకి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఫంగస్ లేదు. అప్పుడు పాపను పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుని, వరసగా నన్నే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. "మీకు కళ్ళు మంటగా, ఇసుక పడినట్లు ఉంటాయా అమ్మా? నీళ్ళు తాగకుండా పొడి పదార్థం మింగగలరా? ఎండలోకి వెళితే దద్దుర్లు వస్తాయా? పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయా? ఇంతకు ముందు గర్భం పోయిందా? ఇంట్లో ఎవరికైనా లూపస్, థైరాయిడ్, కీళ్ళవాతం ఉన్నాయా?" బిడ్డ మచ్చలకు, నా నోరు ఎండడానికి ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. కానీ జవాబులు చెబుతూ ఉంటే, రెండేళ్ళుగా కంప్యూటరు మీద నెపం పెట్టి నేను వేసుకుంటున్న కంటి చుక్కలు, పక్కన నీళ్ళ సీసా లేనిదే నిద్రపోలేకపోవడం, ఉదయం పిడికిలి ముడుచుకోవడానికి పట్టే అరగంట, ఇవన్నీ ఒక్కటొక్కటిగా బయటకు వచ్చాయి. పాపను దీపాల కింద ఉంచారా అని కూడా ఆవిడే అడిగారు. కాంతి తగిలాక ఈ మచ్చలు బయటపడడం తెలిసిన విషయమేనట. కామెర్లకు ఫోటోథెరపీ చేసిన తర్వాత మొదటిసారి కనిపించిన పిల్లలూ ఉన్నారట. అత్తయ్య గారి మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ రోజే ఇద్దరి రక్తమూ తీశారు. నాకు యాంటీ రో, యాంటీ లా అనే రెండు యాంటీబాడీలు, అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు, ఎక్కువ మోతాదులో ఉన్నాయి. పాప రక్తంలోనూ అవే ఉన్నాయి. నియోనేటల్ లూపస్ అన్న పేరు మొదటిసారి విన్నది అప్పుడే. విన్న క్షణంలో కలిగిన భయానికి సగం కారణం ఆ పేరే అని ఇప్పుడు చెప్పగలను. పెద్దవారికి వచ్చే లూపస్‌లో శరీరం తన యాంటీబాడీలను తానే తయారుచేసి తన మీదే ప్రయోగిస్తూ ఉంటుంది, అది జీవితాంతం ఉండే జబ్బు. పసిపాపల్లో అలా జరగదు. వారి శరీరం ఈ యాంటీబాడీలను తయారుచేయదు; తల్లి రక్తంలో ఉన్నవి మాయ గుండా బిడ్డకు చేరతాయి. మామూలుగా ఆ దారి బిడ్డకు మేలు చేసేదే, పుట్టిన తొలి నెలల్లో అంటువ్యాధుల నుంచి కాపాడే తల్లి యాంటీబాడీలు చేరేది ఆ దారినే. మంచివాటిని దాటించే మాయకు వీటిని వేరుచేసి ఆపడం తెలియదు. కాంతి తగిలినప్పుడు చర్మకణాల లోపల ఉండే రో ప్రోటీను ఆ కణాల పైపొరకు వస్తుందని, అక్కడ ఈ యాంటీబాడీ దాన్ని పట్టుకోవడంతో వాపు మొదలవుతుందని భావిస్తున్నారు. రో, లా అన్నవి ఏదో రసాయనాల పేర్లు అనుకున్నాను. ఎవరి రక్తంలో వాటిని మొదట గుర్తించారో ఆ రోగుల పేర్లలోని తొలి అక్షరాలట.

పేరు చెప్పిన తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని ఇంటికి పంపలేదు, నేరుగా ఈసీజీ గదికి పంపారు. చర్మం మీద మచ్చలకు ఈసీజీ ఎందుకని మా వారు అడిగితే ఆవిడ చెప్పిన జవాబు విని ఇద్దరమూ మాట పడిపోయి నిలబడ్డాము. ఈ యాంటీబాడీలు చర్మాన్ని తాకితే ఆ గుర్తులు కొన్ని నెలల్లో పోతాయి, కాలేయాన్ని, రక్తకణాలను తాకినా అవి కోలుకుంటాయి. గుండెలో విద్యుత్ సంకేతాన్ని పై గదుల నుంచి కింది గదులకు చేరవేసే కణజాలాన్ని తాకితే మాత్రం అక్కడ మచ్చకట్టి, ఆ దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. దాన్నే హార్ట్ బ్లాక్ అంటారు. పూర్తి బ్లాక్ వచ్చిన బిడ్డ గుండె, కింది గదులు తమంతట తాము కొట్టుకునే నిదాన వేగంతో, నిమిషానికి 50 నుంచి 80 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. సాధారణంగా అది బిడ్డ పుట్టకముందే, గర్భం 18 నుంచి 24 వారాల మధ్య మొదలవుతుంది కనుక, పాప విషయంలో ఆ ప్రమాదం చాలావరకు దాటిపోయినట్లే. అయినా తేలికపాటి ఆలస్యం ఏదైనా ఉంటే బయటి నుంచి తెలియదు కాబట్టి ఈసీజీ తప్పనిసరి. చిన్న చిన్న తీగలు అంటించుకుని నా చేతి మీద నిద్రపోయిన పాప గుండె గీతలు సవ్యంగానే వచ్చాయి. ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, కూడా తీశారు, గుండె కండరం, గదులు, కవాటాలు బాగున్నాయి.

రక్తపరీక్షలు అంత నిర్మలంగా లేవు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 1,50,000 పైన ఉండవలసింది 92,000 ఉన్నాయి. కాలేయపు ఎంజైములు ఉండవలసినదానికి మూడు రెట్లు ఉన్నాయి. తెల్లకణాల్లో ఒక రకం కాస్త తక్కువ. ఈ మూడూ ఈ జబ్బులో కనిపించేవేనని, పాప చురుకుగా ఉంది కాబట్టి మందులేవీ లేకుండా వారానికి ఒకసారి చూస్తూ పోదామని చెప్పారు. ఏయే గుర్తులు కనిపిస్తే ఆగకుండా రావాలో మాత్రం నాతో తిరిగి చెప్పించారు: చర్మం కింద సూదిమొన అంత ఎర్ర చుక్కలు, కారణం లేకుండా కమిలిన మచ్చలు, ముక్కు నుంచి గానీ మలంలో గానీ రక్తం, తెల్లగా సున్నంలా మలం, పాలు తాగుతూ అలసిపోయి ఆగిపోవడం, ఊపిరి వేగంగా ఆడడం, జ్వరం. టీకా వేసేటప్పుడు ప్లేట్‌లెట్ల సంగతి ముందే చెప్పి, సూది గుచ్చిన చోట మామూలు కంటే ఎక్కువసేపు నొక్కి పట్టుకోమన్నారు. టీకాలు వాయిదా వేయవలసిన అవసరం మాకు రాలేదు.

ఆ రాత్రి నన్ను తొలిచిన ప్రశ్న వేరే. నా రక్తం పాపకు చేసిన హాని నా పాలు కూడా చేస్తున్నాయా? ఎవరినీ అడగకుండానే ఒక పూట పాలివ్వడం ఆపేశాను. రెండు గంటలు ఏడ్చి పాప, ఆ ఏడుపు విని నేను, ఇద్దరమూ నీరసించిపోయాము. తెల్లవారి ఫోను చేస్తే పిల్లల డాక్టరు గారు నన్ను కోప్పడలేదు గానీ స్పష్టంగా చెప్పారు: హాని చేసే యాంటీబాడీలు పుట్టకముందు మాయ ద్వారా చేరినవి, పాలలో ఆ రకం చాలా తక్కువగా ఉంటుంది, అదీ బిడ్డ పేగు నుంచి రక్తంలోకి చెప్పుకోదగినంతగా చేరదు, కనుక పాలు మానవలసిన పని లేదు. ఆ మాటలు వైద్యపుస్తకాల్లో ఒక వాక్యంగా ఉంటాయేమో, నాకు మాత్రం ఆ నెలలో దక్కిన అతి పెద్ద ఊరట అదే. నీ వల్లే వచ్చిందా అని అడిగిన బంధువులూ ఉన్నారు. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. నా నుంచి వచ్చిన మాట నిజం, నేను చేసిన తప్పు ఏదీ లేదన్న మాటా నిజం. గర్భంతో ఉండగా నేను తిన్నది, తిరిగినది, పని చేసినది దీనికి కారణం కావు.

ఇంట్లో చేయవలసిన చికిత్స ఇంతేనా అనిపించేంత చిన్నది, కానీ నిత్యం శ్రద్ధ కోరేది. ప్రధానమైనది ఎండ తగలకుండా చూడడం. పొద్దుటి ఎండ మానేశాము, కిటికీలకు మందపాటి తెరలు కట్టాము, బయటకు తీసుకువెళ్ళవలసి వస్తే అంచు వెడల్పుగా ఉన్న టోపీ, నిండు చేతుల బట్టలు. ఆరు నెలలు నిండని పిల్లలకు సన్‌స్క్రీన్ పూయమని సాధారణంగా చెప్పరు కాబట్టి బట్టే మాకు రక్ష. ఎండకు దూరంగా ఉంచుతున్నాము గనుక విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు, మానకుండా వేయమన్నారు. ముఖం మీద వాపు ఎక్కువగా ఉన్న చోట తక్కువ శక్తి గల స్టెరాయిడ్ పూతమందు, పల్చగా, పది రోజులు మాత్రమే. అది రాస్తే ఎరుపు కాస్త తగ్గిన మాట నిజమే గానీ, అది లేకపోయినా మచ్చలు వాటంతట అవే పోయేవని డాక్టరమ్మ ముందే చెప్పారు. గట్టి స్టెరాయిడ్ పూతలు పసిపిల్లల పల్చటి చర్మం మీద, ముఖ్యంగా కంటి దగ్గర, సొంతంగా రాయవద్దని రెండుసార్లు హెచ్చరించారు.

ఎదురుచూడడం నాకు చేతకాని పని. అందుకని ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఈ తరగతి యాంటీబాడీలు రక్తంలో దాదాపు మూడు వారాలకు ఒకసారి సగమవుతాయి, పాప వాటిని కొత్తగా తయారు చేసుకోదు. అంటే ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు సగమవుతాయి, మొదట ఉన్నదానిలో రెండు వందల యాభయ్యో వంతు కూడా మిగలదు. పాప ఒళ్ళు కూడా దాదాపు ఆ లెక్క ప్రకారమే నడిచింది. ఏడో వారానికి కొత్త మచ్చలు రావడం ఆగింది. రెండు నెలలు నిండేసరికి ప్లేట్‌లెట్లు 1,80,000 అయ్యాయి, వారం వారం రక్తం తీయడం నెలకు ఒకసారి అయింది. కాలేయం తీరికగా కోలుకుంది, నాలుగో నెలలో గానీ ఎంజైములు దారికి రాలేదు. ఆరో నెల చివరికి చర్మం తేటపడింది. తొమ్మిదో నెలలో చేసిన పరీక్షలో రో, లా రెండూ కనిపించలేదు. తల చుట్టుకొలత ప్రతిసారీ కొలిచేవారు, ఈ జబ్బు ఉన్న పిల్లల్లో కొందరికి తల త్వరగా పెరగవచ్చనీ అందుకే గీతను చూస్తున్నామనీ చెప్పారు. మా పాపకు ఆ ఇబ్బంది రాలేదు.

పాప కుదుటపడుతున్న ఆ నెలల్లోనే నా వంతు వచ్చింది. కీళ్ళు, రోగనిరోధక వ్యాధులు చూసే రుమటాలజిస్టు నా కింది రెప్ప లోపల సన్నని కాగితపు పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమన్నారు. కన్నీరు ఆ పట్టీని ఎంత తడిపితే అంత ఆరోగ్యం; ఐదు మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ తడిస్తే కళ్ళు పొడిబారినట్లు. నాది మూడు మిల్లీమీటర్లు. మూడు వారాలు ఏడ్చిన కళ్ళు అవి, అందుకే ఆ అంకె చూసి నవ్వు వచ్చింది. కళ్ళు, నోరు పొడిబారే రోగనిరోధక వ్యాధి షోగ్రెన్ సిండ్రోమ్ అని తేల్చారు, మూత్రంలో ప్రోటీను, రక్తపోటు, మూత్రపిండాల పనితీరు చూసి ప్రస్తుతానికి లూపస్ లేదన్నారు. నాలాంటి తల్లులు తక్కువేమీ కాదట. బిడ్డకు ఈ జబ్బు బయటపడే సమయానికి తల్లుల్లో చాలామందికి తమకు ఏ జబ్బూ ఉన్నట్లు తెలియదు, కొందరికి అప్పటికి ఏ లక్షణమూ ఉండదు. గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన మామూలు పరీక్షల పట్టికలో ఈ యాంటీబాడీల పరీక్ష లేదు, నేను కళ్ళ మంట సంగతి చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పాపకు రెండున్నరేళ్ళు వచ్చాక రెండో బిడ్డ గురించి అడగడానికి వెళ్ళాము. ఇక్కడ అంకెలు చెప్పక తప్పదు. రో యాంటీబాడీ ఉన్న తల్లులకు పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో దాదాపు ఇద్దరికి హార్ట్ బ్లాక్ వస్తుంది. ఇది నాకు మొదట్లో ఊరట కలిగించిన అంకె. కానీ ఒక బిడ్డకు చర్మం మీద మచ్చలు మాత్రమే వచ్చి, గుండె బాగున్నా సరే, తర్వాతి బిడ్డకు గుండె దెబ్బతినే అవకాశం సుమారు 13 శాతానికి పెరుగుతుందని విన్నప్పుడు, పాప మచ్చలు నాకు మరో రకంగా కనిపించాయి. మచ్చలే కదా, పోయాయి కదా అని ఎవరైనా ఆ రోజున తేల్చేసి ఉంటే, ఈ అంకె తెలియకుండానే నేను రెండోసారి గర్భం దాల్చి ఉండేదాన్ని. నియోనేటల్ లూపస్‌ను గుర్తించడం వల్ల మాకు కలిగిన అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం; పాపకు చేసిన చికిత్స కంటే ఇంకా పుట్టని బిడ్డకు దొరికిన జాగ్రత్తే పెద్దది.

ఆ జాగ్రత్తలో మొదటిది హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర. మలేరియా కోసం వచ్చిన ఈ మందును లూపస్‌లో ఎంతోకాలంగా వాడుతున్నారు, గర్భంలోనూ వాడవచ్చు. హార్ట్ బ్లాక్ ఉన్న బిడ్డను అంతకు ముందు కన్న తల్లులకు పదో వారం లోపే ఈ మందు రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. 18 శాతం దాకా ఉండవలసిన పునరావృతం అందులో 7.4 శాతానికి తగ్గింది. నా పరిస్థితి సరిగ్గా ఆ తల్లులది కాదని, చర్మపు జబ్బు మాత్రమే ఉన్న బిడ్డ తల్లుల మీద ఆ లెక్కను ఉన్నదున్నట్లు రుద్దలేమని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. అయినా నా షోగ్రెన్‌కూ అది ఉపయోగమే, రక్తంలో దాని స్థాయి నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి గర్భం రాకముందే మొదలుపెట్టాము. కంటి వెనుక రెటీనా మీద దీర్ఘకాలంలో ప్రభావం ఉండవచ్చు గనుక ముందుగా కంటి పరీక్ష చేయించారు.

పదహారో వారం నుంచి ఇరవై ఆరో వారం దాకా ప్రతి వారం బిడ్డ గుండెకు ఎకో తీశారు. పై గది ముడుచుకున్న క్షణానికీ కింది గది ముడుచుకున్న క్షణానికీ మధ్య వ్యవధిని వారు కొలుస్తారు. గర్భంలోని బిడ్డకు అది 120 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది, 150 దాటితే ఆలస్యం మొదలైనట్లు. నేను వారం వారం ఆ అంకెను క్యాలెండరు మీద రాసుకున్నాను: 118, 121, 124, 120. అక్కడ వేచి ఉండే వరుసలో ఒక తల్లి పరిచయమైంది. ఆవిడ మొదటి కొడుకు గుండె నిమిషానికి 50 సార్లే కొట్టుకోవడంతో పుట్టిన నాలుగో రోజునే పొట్ట చర్మం కింద పేస్‌మేకర్ అమర్చారట. హార్ట్ బ్లాక్‌తో పుట్టి బతికిన పిల్లల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు పేస్‌మేకర్ అవసరమవుతుంది, కొందరు పిల్లలు గర్భంలోనో తొలి నెలల్లోనో దక్కరు కూడా. ఆవిడ కొడుకు ఆ రోజున పక్కనే వరండాలో పరుగులు తీస్తున్నాడు, ఆవిడ వాణ్ణి ఆగమని కేకలు వేస్తోంది. నా భయానికి ఒక ముఖం దొరికింది, అది నేను ఊహించుకున్నంత చీకటి ముఖం కాదు.

వారానికి ఒక ఎకో సరిపోతుందా అన్నది నా సందేహం, అదే నిపుణుల సందేహం కూడానట. మామూలుగా ఉన్న గుండె ఒక్క రోజులోనే పూర్తి బ్లాక్‌లోకి జారిపోగలదు. పూర్తి బ్లాక్ వచ్చాక దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. జారుతూ ఉన్న కొద్ది గంటల్లో పట్టుకుంటే, మాయ దాటి బిడ్డకు చేరే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లతో కొందరిలో ఆపవచ్చునేమోనన్న ఆశ ఉంది. అందుకని చేతిలో పట్టుకునే చిన్న డాప్లర్ యంత్రం ఇచ్చి, ఎలా వినాలో నేర్పి, రోజుకు మూడుసార్లు వినమన్నారు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య, ఒకే లయలో ఉండాలి. వేగం తగ్గినా, లయ తప్పినా అర్ధరాత్రి అయినా ఫోను చేయాలి. అందరి తల్లులకూ ఇది నప్పదనుకుంటాను. బిడ్డ గుండె దొరకక ఐదు నిమిషాలు వెతికిన ప్రతిసారీ నా గుండె ఆగినంత పనయ్యేది.

ఇరవై ఒకటో వారంలో ఒక సాయంత్రం లయ తప్పింది. నాలుగు దెబ్బలు సరిగా పడి, ఒకటి ఆగి, మళ్ళీ నాలుగు. నేను, మా వారు చెరో చెవి పెట్టి విన్నాము, ఫోనులో రికార్డు చేశాము, గంటలోపు ఆసుపత్రిలో ఉన్నాము. డ్యూటీలో ఉన్న గుండె నిపుణురాలు ముప్పావుగంట సేపు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా చూశారు. ఆగిన దెబ్బలు బ్లాక్ వల్ల ఆగినవి కావు. పై గదిలో ఒక దెబ్బ వేళకు ముందే పడడంతో తర్వాతిది తప్పినట్లు వినిపిస్తోంది. ఎందరో పిల్లల్లో కనిపించే, చాలావరకు తనంతట తానే పోయే తేడా అది. "అనవసరంగా వచ్చామా డాక్టరు గారూ?" అని అడిగాను. "ఈ లయ విని రాకపోయి ఉంటే కోప్పడేదాన్ని" అన్నారావిడ. వ్యవధి ఆ రాత్రి 122 ఉంది. వారం తర్వాత ఆ తేడా వినిపించలేదు.

బాబు ముప్పై ఎనిమిదో వారంలో పుట్టాడు. మొదటి రోజునే ఈసీజీ, రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు చేశారు. యాంటీబాడీలు వీడి రక్తంలోనూ ఉన్నాయి, ఉండక తప్పదు, కానీ గుండె గీతలు, ప్లేట్‌లెట్లు, కాలేయం అన్నీ సవ్యంగా ఉన్నాయి. మూడో రోజున వీడికీ కామెర్లు వచ్చాయి. దీపాల మాట ఎత్తగానే నేను బిగుసుకుపోయాను. బిలిరుబిన్ హద్దు దాటితే దాని వల్ల మెదడుకు జరిగే హాని ముందు చర్మం మీద మచ్చలు లెక్కలోకి రావని, అవసరమైన చికిత్సను మచ్చల భయంతో ఆపడం తప్పని పిల్లల డాక్టరు గారు చెప్పారు. అంకె హద్దును తాకింది, ఒక రోజు దీపాల కింద ఉంచారు. తర్వాత ఎనిమిది వారాల పాటు ప్రతి ఉదయం వాడి కళ్ళ చుట్టూ, జుట్టు కింద వెతికాను. ఒక్క మచ్చా రాలేదు. ఎందుకు రాలేదో, మాత్ర వల్లనా, లేక మరొకటా, చెప్పగలిగిన వారు లేరు. ఏడాది నిండాక తీసిన ఈసీజీ, ఎకో కూడా బాగున్నాయి; గుండె కండరం బలహీనపడడం అరుదుగా ఆలస్యంగా జరగవచ్చు కాబట్టి ఆ పరీక్ష చేశారు.

నేను మాత్ర కొనసాగిస్తున్నాను, కంటి పరీక్షలకు వెళ్తున్నాను. పాపకు ఇప్పుడు ఐదేళ్ళు. పెద్దయ్యాక ఈ రకం జబ్బులు రాగల అవకాశం ఇతర పిల్లల కంటే కొంత ఎక్కువ ఉండవచ్చని, కీళ్ళ నొప్పులో దద్దుర్లో కనిపిస్తే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలని దాని ఫైలులో రాసి ఉంది. ఎడమ కణత మీద మొదటి మచ్చ లేచిన చోట సన్నని ఎర్ర నరాలు దారపు పోగుల్లా మిగిలాయి, పాప కోపం వచ్చి ఏడ్చినప్పుడు బాగా కనిపిస్తాయి. పెద్దయ్యాక కావాలనుకుంటే లేజరుతో తీయవచ్చన్నారు. అది ఏమంటుందో అప్పుడు చూస్తాము.